జంట కాయలు

ప్రశ్న పట్టుకుని వచ్చినవాళ్ళకు ఓబుళమ్మవ్వ వెంటనే జవాబు చెప్పిన రోజు ఎవరికీ గుర్తులేదు. ముందు మంచినీళ్ళు ఇప్పిస్తుంది. తర్వాత గవ్వలాట ఆడే పచ్చీసు గుడ్డ పరుస్తుంది. ఉప్పలవంక గుట్ట కింద ఆమె ఆశ్రమం అంటే రెండు గదుల బండల మిద్దె, ముందు ఒక వసారా. ఆ వసారాలోనే పాఠం, భోజనం, ఆట. డబ్బు పెట్టి ఆడనివ్వదు. ఓడినవాళ్ళు వసారా ఊడవాలి, అంతే. వేదాంతం తెలుసుకుందామని బస్సులు మారి వచ్చిన పెద్దమనుషులు చేతిలో గవ్వలు గలగలలాడిస్తూ బాసింపట్టు వేసుకుని కూర్చోవడం చూసి నవ్వుకున్నవాళ్ళున్నారు. నవ్వనివ్వండి. అడగ్గానే జవాబు చేతిలో పెట్టే గురువుల దగ్గర ఎంతమంది బాగుపడ్డారో కాస్త వాళ్ళనే చెప్పమనండి.

ఆ ఆటలో అవ్వ పెట్టిన నియమం ఒకటుంది. మిగతా చోట్ల గవ్వల్లో పడిన పందెం నచ్చకపోతే "వదిలేశా" అని గవ్వలు అవతలివాళ్ళకు ఇచ్చేయొచ్చు. అవ్వ వసారాలో అది కుదరదు. వరస వచ్చిందంటే గవ్వలు వేయాలి. ఎంత పడితే అంత, ఏదో ఒక కాయను జరపాలి. జరిపితే ఆ కాయ చస్తుందని తెలిసినా సరే జరపాలి. కొత్తగా వచ్చినవాళ్ళకు ఇది మొండితనంగా కనిపించేది. ఆటలో మనిషికి వద్దనే హక్కు ఉండాలి కదా అని వాదించినవాళ్ళు కూడా ఉన్నారు. అవ్వ వాదించేది కాదు. గవ్వలు వాళ్ళ చేతిలో పోసేది.

వానలు మొదలయ్యే రోజుల్లో ఒక శనివారం మధ్యాహ్నం మద్దిలేటి సారు సైకిలు మీద వచ్చాడు. ఉప్పలవంక బడికి ఆయన హెడ్మాస్టరు. అవ్వ దగ్గరికి చాలా ఏళ్ళుగా వస్తున్న శిష్యుడే అయినా ఆ రోజు కొత్తవాడిలా గడప అవతలే నిలబడ్డాడు. వసారాలో అవ్వతో పాటు కుళ్లాయమ్మ ఉంది. ఆమె ఒకప్పుడు ఆ బడిలోనే సారు దగ్గర చదువుకుంది. ఇప్పుడు కర్నూలులో బి.ఎడ్. చదువుతూ, సెలవు దొరికినప్పుడల్లా ఆశ్రమానికి వచ్చి అవ్వతో ఒక పూట ఆట, ఒక పూట కొట్లాట పెట్టుకుని పోతుంది.

సారు నీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టాడు. గొంతు సవరించుకుని, వచ్చే దారంతా అల్లుకున్న మాట బయటపెట్టాడు.

"అవ్వా, నిజం చెప్పడానికి సరైన సమయం ఏది?"

"ఏ నిజం?" అంది అవ్వ.

"ఏదైనా. సాధారణంగా అడుగుతున్నా."

కుళ్లాయమ్మ నవ్వింది. "సార్, మేం క్లాసులో ఇట్లా గాల్లో మాట్లాడితే ఉదాహరణ చెప్పి కూర్చో అనేవాళ్ళు మీరు."

"నువ్వు కాసేపు ఊరుకో తల్లీ," అన్నాడు సారు. కానీ ఉదాహరణ చెప్పక తప్పలేదు.

ఆ ఉదాహరణ ఇది. పోయినేడు బడికి కొత్త గది కట్టారు. కట్టించింది సర్పంచు బావమరిది. గదికి ఏడాది నిండకముందే పైకప్పు పెచ్చులూడటం మొదలైంది. లోపలి కమ్మీలు తుప్పుపట్టి బయటికి కనిపిస్తున్నాయి. గురువారం నాడు అరచేయంత పెచ్చు వచ్చి సారు టేబులు మీద పడింది. ఆ గదిలో ఐదో తరగతి కూర్చుంటుంది. పాత గది ఉంది కానీ, అందులో ఆ బావమరిది సిమెంటు బస్తాలు పేర్పించి తాళం వేసుకున్నాడు. తాళం తీయమని అడగాలంటే ఎందుకో చెప్పాలి. ఎందుకో చెబితే కప్పు సంగతి చెప్పినట్టే. సారు భార్య అనంతపురం అవతల ఎక్కడో టీచరు. ఏడేళ్ళుగా ఆమె అక్కడ, ఈయన ఇక్కడ. ఈసారి బదిలీ ఖాయమైంది. సర్పంచు తానే పెద్దవాళ్ళతో మాట్లాడి కుదిర్చాడు. నెలాఖరుకు సారు వెళ్ళిపోవచ్చు, ఈలోపల ఎవరూ అడ్డుపడకపోతే.

"పండక్కి పోతే నా కూతురు నన్ను మీరు అంటుందవ్వా," అన్నాడు. "మీరు కాఫీ తాగుతారా అని అడిగింది. చుట్టాన్ని అడిగినట్టు."

ఆ మాటకు కుళ్లాయమ్మ కూడా నవ్వలేదు.

"అందుకని నేననుకున్నది ఏమంటే, ఈ నెల గడిస్తే అక్కడికి చేరుకుని, అక్కడినుంచే పైఅధికారులకు అన్నీ చెబుతా. అప్పుడు నన్ను ఎవరూ ఏమీ చేయలేరు. చెప్పననడం లేదు. సమయం చూసుకుంటున్నా. అంతవరకు జాగ్రత్త తీసుకున్నా. బెంచీలు పెచ్చులూడిన వైపు నుంచి ఈ వైపుకు జరిపించా."

అవ్వ పచ్చీసు గుడ్డ మడత విప్పుతూ అడిగింది: "ఈ పక్క కప్పు వేరే మేస్త్రీ వేసినాడా నాయనా?"

అవ్వ గుడ్డ పరిచింది. నల్ల కాయలు నాలుగు ఆయన వైపుకు తోసి, ఎర్రవి తన ముందు పెట్టుకుంది.

"ఇప్పుడు ఆట వద్దవ్వా. బడి విడిచేలోపు పోవాలి. మబ్బు పడుతోంది."

"జవాబు కావాలంటివి కదా. కూచో."

ఆట తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. ప్రతి కాయా పెద్ద పందెం పడితేనే గుడ్డ నడిమి గడిలోంచి బయలుదేరి, గుడ్డ నాలుగు పట్టీలూ చుట్టి, మళ్ళీ నడిమికే చేరాలి. చేరితే పండినట్టు. దారిలో ఒంటి కాయ దొరికితే ఎదుటివాళ్ళు దాన్ని చంపుతారు. చచ్చిన కాయ మళ్ళీ మొదటినుంచీ నడవాలి. రెండు కాయలు ఒకే గడిలో జంటగా నిలబడితే మాత్రం వాటి జోలికి ఎవరూ రాలేరు. జంట ఉన్నంతసేపు నిశ్చింత.

మద్దిలేటి సారు మంచి ఆటగాడు, జాగ్రత్తపరుడు. మొదటి నుంచీ ఆయన చూపు జంట మీదే. నాలుగైదు పందేలకే రెండు కాయల్ని తెచ్చి అవ్వ వైపు పట్టీలో ఒకే గడిలో నిలిపాడు. అప్పటికి అవ్వ కాయలు ఒక్కటి కూడా బయలుదేరలేదు. ఆమెకు గవ్వలు కలిసిరావడం లేదు. సారు ముఖం కొంచెం తేటపడింది. ఇక ఏం పడినా మిగిలిన రెండు కాయల్నే పరుగెత్తించాడు. మూడు పడితే ముందుది, నాలుగు పడితే వెనకది. జంటను మాత్రం కదిలించలేదు.

"అవ్వా, సార్ కోట కట్టేశాడు," అంది కుళ్లాయమ్మ.

"కట్టనీ."

మొదటి కాయ పండింది. కొండ వెనక ఎక్కడో ఉరిమింది. సారు తల తిప్పి బడి వైపు చూశాడు. అక్కడినుంచి బడి కనబడదు; చింతతోపు అడ్డం. అయినా చూశాడు.

"అసిస్టెంటు టీచరున్నాడు కదా సార్," అంది కుళ్లాయమ్మ. "వాన వస్తే పిల్లల్ని బయటికి తెస్తాడులే."

"తేడు." సారు గవ్వల్ని అరచేతిలో అటూ ఇటూ దొర్లించాడు. "నేను వచ్చేదాకా ఒక్కరు కూడా గది దాటొద్దని చెప్పి వచ్చా."

"ఏంటికి?"

"పిల్లలంతా బయటికి వచ్చి నిలబడితే ఊరు అడగదా, ఎందుకొచ్చారని?"

కుళ్లాయమ్మ ఆయన తాగిన గ్లాసు తీసి అవతల పెట్టింది. వాదనలో ఎవరినీ వదలని మనిషి ఆమె. ఆ క్షణాన ఎదుట ఉన్నది వాదన కాదని ఆమెకు తెలిసి ఉండాలి.

ఆట సాగింది. సారుకు పచ్చీసు పడింది, ఒక్కసారిగా ఇరవై అయిదు గడులు. రెండో కాయ ఉరుకుతున్నట్టు గుడ్డ చుట్టి, ఇంకో రెండు పందేలకు అది కూడా పండింది. మామూలుగా అయితే ఆడేవాడు తొడ చరుచుకునే చోటు అది. సారు మాత్రం పండిన కాయల్ని పక్కన పెట్టి, గుడ్డ వైపు చూసి, చూస్తూనే ఉండిపోయాడు. ఆయన కాయల్ని పండించుకునే సందడిలో అవ్వ నిమ్మళంగా రెండు ఎర్రకాయల్ని బయటికి తెచ్చింది. ఒకటి ఆయన జంటకు మూడు గడుల వెనక ఉంది. ఇంకొకటి నాలుగు గడుల వెనక ఉంది. వాటి కంటే ముందు ఆ జంట నిలబడి ఉంది, చెక్కుచెదరకుండా, మొదట్లో ఎక్కడ పెట్టాడో అక్కడే.

వరస సారుది.

"వేయి నాయనా."

ఆయన వేయలేదు. ఇప్పుడు ఏం పడినా జరపడానికి వేరే కాయ లేదు. పరుగెత్తించాల్సినవి పరుగెత్తి పండిపోయాయి. మిగిలింది జంట ఒక్కటే. రెండు పడినా, నాలుగు పడినా, ఆరు పడినా, జంటలో ఒకటి కదలాలి, రెండూ ఒంటివి కావాలి. అది కూడా ఎర్రకాయల ముక్కు కింద. వసారా బయట గాలి లేచి ఎండుటాకుల్ని తోసుకుపోతోంది. వెలుతురు తగ్గింది. కుళ్లాయమ్మ లేచి అరుగు మీద ఆరబెట్టిన మిరపకాయలు గబగబా చాపతో సహా లోపలికి లాగింది.

"ఈ ఒక్క పందెం వదిలేస్తానవ్వా."

"ఈడ వదిలేసేది లేదు."

"ఒక్కటే. మీ కాయలు ముందుకు పోతే నాకు భయం లేదు. అవి దాటిపోనీ, తర్వాత నేను ఎంత పడితే అంత జరుపుతా."

"అవి దాటిపోయేదాక నువ్వు నిలబడొచ్చని ఎవరు చెప్పినారు నీకు?"

సారు గవ్వలు వేశాడు. వేశాడు అనడం కంటే చేయి తెరుచుకుంది అనడం సరి. రెండు పడింది. వేలు ఒక నల్లకాయ మీద పెట్టి, తీసి, రెండోదాని మీద పెట్టి, ఎవరూ అడగకుండానే "ఏది జరిపినా ఒకటే" అన్నాడు. ఒకదాన్ని రెండు గడులు జరిపాడు. ఇప్పుడు రెండూ ఒంటి కాయలు. అవ్వ దాదాపు ఏం వేసినా ఏదో ఒకటి పోయేలా ఉంది.

"ఎప్పుడు విడగొట్టాల్సిందవ్వా?" అన్నాడు.

"నా కాయలు ఇంకా పుట్టకముందు."

"అప్పుడు విడగొట్టాల్సిన అవసరమే కనపడలేదే. వెనక ఎవరూ లేరు. భయమే లేదు."

"ఊఁ," అంది అవ్వ, గవ్వలు ఏరుకుంటూ.

మొదటి చినుకులు పెద్దవిగా వచ్చాయి, దూరదూరంగా, బండ మీద ఒక్కొక్కటి పడిన చోటు కనిపించేలా. మట్టి వాసన లేచింది. సారు ఆ చినుకుల్ని చూశాడు. మిద్దె నీళ్ళు జారే గొట్టం వైపు చూశాడు. అది ఇంకా పొడిగానే ఉంది. బడి గదికి ఆ గొట్టం కూడా పెట్టలేదు కాంట్రాక్టరు. కురిసిన నీళ్ళు కప్పు మీదే నిలుస్తాయి. ఆ సంగతి ఆయన అవ్వతో చెప్పలేదు. అప్పుడే గుర్తొచ్చిందో, ఎప్పుడూ గుర్తుండే ఉందో. లేచాడు. పంచె అంచు కాలికి తగిలి గుడ్డ ఒక మూల ముడుచుకుంది.

"ఇక పందెం మీదేనవ్వా," అని మాత్రం అన్నాడు. చెప్పులు వేసుకోలేదు. సైకిలు స్టాండు తీసిన చప్పుడు, తర్వాత వాన.

కుళ్లాయమ్మ స్తంభం పట్టుకుని నిలబడి తోపు దాకా చూసింది. వాన తెర కట్టేసరికి మనిషీ సైకిలూ కలిసిపోయారు. తిరిగి చూస్తే అవ్వ ముడుచుకున్న గుడ్డ మూలను సరిచేసి గవ్వలు ఊపుతోంది.

"ఆడేవాడు పోయినాడు కదవ్వా. ఇంకా ఏంటికి?"

"నా వరస," అంది అవ్వ. వేసింది. మూడు పడింది. ఎర్రకాయను మూడు గడులు జరిపి, అక్కడున్న నల్లకాయను తీసి అవతల పెట్టింది. చంపిన సంతోషం ఆమె ముఖంలో లేదు. జాలి కూడా లేదు.

తర్వాత జరిగింది ఊరంతా చూసింది. అంత వానలో మద్దిలేటి సారు ఐదో తరగతి పిల్లల్ని చేతులు పట్టించి వరసగా నడిపించుకుంటూ వీధిలోంచి తీసుకుపోయాడు. పలకలు నెత్తిన పెట్టుకున్నవాళ్ళు కొందరు, ఆట అనుకుని గంతులేసినవాళ్ళు కొందరు. పీర్ల చావిడి తలుపు తీయించి అందులో కూర్చోబెట్టాడు. గుమ్మాల్లోంచి జనం "ఏమైంది సార్" అంటే ఆయన ఆగి, తడిసిన కళ్ళద్దాలు తీసి, "ఆ గది కప్పు మంచిది కాదు. ఇక నేను అందులో పాఠం చెప్పను," అన్నాడు. ఆ మాట సర్పంచు ఇంటి ముందు కూడా అదే గొంతుతో అన్నాడు. ఊళ్ళో ఉన్న ఒక్క ఫోనూ ఆ ఇంట్లోదే. దాని మీద ఆ సాయంత్రమే ఎవరో ఎవరితోనో మాట్లాడారు. సారు బదిలీ ఆ నెలాఖరుకు రాలేదు. దసరాకు కూడా రాలేదు.

కప్పు సంగతి చెప్పాలి. అది కూలలేదు. ఆ రోజు కూలలేదు, ఆ వానాకాలమంతా కూలలేదు. పెచ్చులు ఇంకో నాలుగు ఊడాయేమో. తనిఖీకి వచ్చిన ఆఫీసరు కిందనుంచే చూసి, సర్పంచు ఇంట్లో భోజనం చేసి, భేషుగ్గా ఉందని పోయాడు. పిల్లలు మాత్రం చావిడిలోనే చదువుకుంటున్నారు. గది ఖాళీగా ఉంది కనుక బస్తాలు అందులోకి మార్చి పాత గది ఇప్పించమని ఊరివాళ్ళు అడిగితే, కొత్త గదిలో సిమెంటుకు తేమ తగులుతుందని ఆ బావమరిది ఒప్పుకోలేదు.

కార్తీకంలో కుళ్లాయమ్మ మళ్ళీ సెలవు మీద వచ్చింది. బస్సు దిగి ఊళ్ళో ఈ కబుర్లన్నీ విని, చేతిలో సంచి కింద పెట్టకుండానే అవ్వ మీదికి వచ్చింది. అవ్వ వసారాలో గవ్వలు కడిగి గుడ్డ మీద ఆరబోస్తోంది.

"ఆ గది ఇంకా నిలబడే ఉందవ్వా. చూసొచ్చినా. రాయిలాగుంది."

"ఉండనీ."

"ఉండనీ అంటే ఎట్లా? మీరు ఆ రోజు ఆయన్ని కూర్చోబెట్టి ఆడించకపోతే, సారు ఇంకో మూడు వారాలు నోరు మూసుకుని ఉండేవాడు. కప్పు ఎట్లాగూ పడేది కాదు. ఈపాటికి తన ఇంట్లో, తన కూతురి పక్కన ఉండేవాడు. ఆ పిల్ల నాన్నా నువ్వు అనేది. ఇప్పుడేమో ఊళ్ళో సగంమంది పిరికి పంతులంటున్నారు, ఆకాశం చూసి పిల్లల్ని పరుగెత్తించినాడని. ఆయన ఏ వైపునుంచి చూసినా ఓడినాడు. ఇందులో గెలుపు ఎక్కడుందో చూపించండి. నేను ఒప్పుకుంటా."

అవ్వ ఒక గవ్వను తిప్పి దాని నోట్లో ఇసుక ఉందేమో చూసింది.

"సారును చూసినావా?"

"చూసినా. చావిడిలో లెక్కలు చెప్తున్నాడు. నన్ను చూసి నవ్వినాడు కూడా. చిక్కిపోయినాడు. కంటినిండా నిద్రపోతున్నానమ్మా అన్నాడు, అడగకుండానే." కుళ్లాయమ్మ సంచి కింద పడేసింది. "నాకది జవాబు కాదు. కూలని కప్పు కింద నుంచి పిల్లల్ని లాక్కొచ్చి కుండపోత వానలో నడిపించడం, దాని కోసం ఇంత పోగొట్టుకోవడం. మీరే చెప్పండవ్వా, చివరికి ఏం జరిగినట్టు?"

"ఆ పొద్దు పిల్లోళ్ళు తడిసినారా?"

"తడవకేం. ముద్దయినారు."

"తడిసినోళ్ళు ఆరతారులే," అంది అవ్వ.